ఊరుగాని ఊరిలో అన్నము
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)

ఈ ప్రసంగ మెప్పుడు ముగియునా, పులిహోర పొట్లము లెప్పుడు వచ్చునా యని ముందు వరుసలో ఎదురుచూచుచున్న చిరంజీవులకు ఆశీస్సులు. వారి యెదురుచూపు న్యాయమైనది. నేను మాటాడబోవునది కూడ అన్నమును గూర్చియే.

కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు ఏ సాహిత్యమును గూర్చియో, ఏ శిల్పమును గూర్చియో మాటాడుదునని తలచియుందురు. నేను పట్టము పుచ్చుకొన్నది చరిత్రలోనే గాని, ఇరువది యేండ్లకు పైగా చదువుచున్నది దస్త్రముల చరిత్ర. కావున పెద్ద విషయముల జోలికి పోక, మనలో ప్రతి ఒక్కరికి అనుభవములో నున్న చిన్న విషయము నొకదానిని ఎత్తుకొనుచున్నాను. ఉద్యోగ ధర్మమున ఒంటరిగా పరాయి ఊరికి పోయినప్పుడు మంచి అన్నము దొరకుట యెట్లు? ఆ అన్నముతోపాటు ఒక మనిషి దొరకుట యెట్లు? ఇదియే నేటి విషయము.

మన టూరు ప్రయాణముల తీరు మీ రెరుగనిది కాదు. పెట్టెలో రెండు జతల బట్టలు, కాగితముల కట్ట, ఇంటి యిల్లాలు మూత బిగించి యిచ్చిన ఆవకాయ సీసా, కందిపొడి. దిగుట ప్రభుత్వ అతిథిగృహములో. ఉదయము బ్రెడ్డు ముక్కలు, టీ. పగలు సమావేశము. రాత్రి గదికి వచ్చు పళ్లెములో పసుపుపచ్చని పప్పు, ఎఱ్ఱని పనీరు కూర, చల్లారిన రొట్టెలు. గౌహతిలోను అదే పనీరు, గాంధీనగరములోను అదే పనీరు. ఉద్యోగములో చేరిన మొదటి ఆరేడు సంవత్సరములలో నేను చూచిన రాష్ట్రములు పదునాలుగు, తినిన కూర ఒక్కటి! తిరిగివచ్చి టి.ఏ. బిల్లు వ్రాసికొనునప్పుడు, వెళ్లిన ఊరును గూర్చి నాకు తెలిసినదెల్ల ఆ బిల్లులోనే ఇమిడిపోయెడిది.

మన పూర్వులు ఇట్లు తిరుగలేదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో బయలుదేరి, కాశీ యాత్ర చేసి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. ఆయన కూడ మనవలెనే సర్కారు కొలువువాడు. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చైనది. ఏ మజిలీలో ఏ సరకు దొరకును, ఎచ్చటి నీరు మంచిది, ఎచ్చటి జనుల నడవడి యెట్టిది అను సంగతులను ఆయన ఓపికగా వ్రాసిపెట్టిరి. ఆయన వెంట గొప్ప పరివారము, డేరాలు, బోయీలు కలరు. నాకు రైలు బెర్తు, చేతి పెట్టె మాత్రమే కలవు. అయినను ఆయన చూచినదానిలో నూరవ వంతు నేను చూడలేదు. కారణము పరివారము లేకపోవుట కాదు. చూడవలెనను బుద్ధి లేకపోవుట.

ఆ బుద్ధి నాకు ఎట్లు కలిగినదో చెప్పుటకు, నాకు గౌరవము కాని ఒక సంగతిని ముందుగా మీ యెదుట ఒప్పుకొనవలెను.

2008వ సంవత్సరము మే నెల. గ్రామములలోని పనుల పరిశీలనకై మా అధికారి ఒరిస్సాలోని కలహండి జిల్లాకు పోవలసియుండెను. (ఆ రాష్ట్రము పేరు ఒడిశాగా మారినది 2011లో.) ప్రయాణమునకు ముందురోజు ఆయనకు జ్వరము వచ్చుటచే నన్నొక్కనినే పంపిరి. కలహండి యన్నంతనే ఆ కాలపువారికి 1980వ దశకపు ఆకలి వార్తలు జ్ఞప్తికి వచ్చెడివి. నేను భవానీపట్నము చేరి, అచ్చటినుండి జీపులో ఒక పల్లెకు పోతిని. రిజిస్టర్లు చూచి, చెరువు గట్టు కొలతలు చూచి వచ్చుసరికి మధ్యాహ్నము రెండు గంటలైనది. ఎండ నిప్పులు చెరుగుచున్నది.

పంచాయతీ కచేరీలో చిన్న పని చేయు కుర్రవాని తల్లి మా కొరకు వాకిట చాప పరచియుంచినది. కంచు గిన్నెలో నీళ్లన్నము; ప్రక్కన వేయించిన ఆకుకూర, నిప్పులమీద కాల్చి చిదిపిన వంకాయ, నలిపిన వడియములు, ఒక పచ్చిమిరపకాయ. దానిని పఖాళ మందురు. ఆమెకు హిందీ రాదు, నాకు ఒరియా రాదు. చేతితో చాప చూపి కూర్చుండుమన్నది. నేను గిన్నెలోని నీటిని చూచితిని. ఏ బావి నీరో, ఎన్ని గంటలనుండి నానుచున్నదో యనుకొంటిని. కడుపుమీద చేయి వేసికొని, బాగులేదని సైగ చేసితిని. నా కడుపు నిక్షేపముగా నుండెను. జీపులో కూర్చుండి బిస్కట్టు పొట్లము విప్పుకొంటిని.

జీపు కొంత దూరము పోయినపిమ్మట డ్రైవరు మెల్లగా చెప్పినాడు: "సార్, ఢిల్లీ నుంచి బాబు వస్తున్నాడని ఆమె నిన్న రాత్రే అన్నం నానబెట్టింది. కంచు గిన్నె పక్కింటి నుంచి అడిగి తెచ్చింది. మీరు జీపెక్కుతుంటే నన్ను అడిగింది, మా ఇంటి నీళ్లు బాబుకు సరిపడవా అని."

నేనేమియు మాటాడలేదు. అతడును మరల ఆ మాట యెత్తలేదు.

ఆ రాత్రి అతిథిగృహములో నిద్ర పట్టక నాకు నేను సమాధానములు చెప్పికొంటిని. పరిశీలనకు వచ్చినవాడు పరిశీలింపబడువారి యింట భుజింపరాదు గదా, నేను నియమము పాటించితిని గదా యని ఒక సమాధానము. కాని మన సోదరులందరికి తెలిసిన 1964 నాటి ప్రవర్తన నియమావళిలో 13వ నియమము ఏమి చెప్పుచున్నది? ఆడంబరమైన ఆతిథ్యమును, మాటిమాటికి ఇచ్చు ఆతిథ్యమును, మనతో కచేరీ వ్యవహారమున్నవారినుండి గ్రహింపరాదని చెప్పుచున్నది. అనుకోకుండ పెట్టిన ఒక పూట భోజనమును బహుమానముగా నెంచవలదని కూడ ఆ నియమమే చెప్పుచున్నది. వంకాయ పచ్చడి ఆడంబరము కాదు. కావున నియమము నా పక్షమున సాక్ష్యము చెప్పలేదు. నా చేత కాదనిపించినది భయము. ఆ భయముక్రింద కొంచెము అహంకారము.

అంతకంటె నన్ను బాధించిన సంగతి మరియొకటి కలదు. నేను బొబ్బిలి ప్రాంతమువాడను. మా మామ్మ వంటింటి మూలలో తరవాణి కుండ యుండెడిది. వేసవి ఉదయములందు ఆమె ఆ కుండలోనుండి అన్నము తీసి, ఉల్లిపాయ, మిరపకాయతో నాకు పెట్టెడిది. చోడి అంబలి త్రాగి బడికి పోయినవాడను నేను. ఆ పల్లెలో నా ముందు పెట్టినది పరాయి వంట కాదు. ఎల్ల దాటిన మా మామ్మ చద్దన్నమే. పూరీ జగన్నాథస్వామికి సైతము నివేదన యగు అన్నమది. ఢిల్లీలో అయిదేండ్లు గడుపుటతోనే నేను దానిని గుర్తుపట్టలేకపోతిని. ఆ పల్లెకు తిరిగి పోవు అవకాశము నాకు కలుగలేదు. ఆ ఋణము అక్కడనే యున్నది.

నాటినుండి నేను ఒక వ్రతము పట్టితిని. ఏ ఊరికి పోయినను, ఒక పూటయైనను ఆ ఊరివారు తినునది, వారు తినుచోట, వారితో తినవలెను. నేను శాకాహారిని. అది మానలేదు, మానవలసిన అవసరమును కలుగలేదు. ఈ వ్రతమువలన నేను నేర్చిన పాఠములలో మూడింటిని మీకు మనవి చేయుదును.

మొదటి పాఠము కలకత్తాలో నేర్చితిని. 2011లో పది దినముల శిక్షణకు పోయియుంటిని. కాలేజీ వీథి పరిసరములందు పైస్ హోటళ్లని పేరుగల పాత భోజనశాలలు కలవు. పైసల లెక్కన అన్నము పెట్టిన కాలమునుండి వాటికాపేరు నిలిచినది. గోడమీది నల్లబల్లపై ఆనాటి వంటకములు, వాటి ధరలు సుద్దతో వ్రాసియుండును. ప్రతి వస్తువునకు వేరువేరుగా లెక్క. అరటియాకునకు కూడ విడిగా వెల కట్టుదురు. బజారులో కూరల ధర మారినచో బల్లమీది అంకె కూడ మారును. ఒంటరివానికి ఇంతకంటె అనుకూలమైన చోటు లేదు. ఎవరి ప్రక్కనో ఖాళీ యున్నచోట కూర్చుండుటయే. బల్ల యంతయు ఒక్కనిదే కావలెనని ఎవరును కోరరు.

మొదటి దినము నేను అన్నము, పప్పు, గసగసాలు నూరి వేసిన బంగాళాదుంప కూర, అరటిపువ్వు కూర అన్నియు ఒక్కసారి వేయించుకొని మన పద్ధతిలో కలుపబోయితిని. వడ్డించు వృద్ధుడు నా చేతిని ఆపినంత పని చేసి, వచ్చీరాని హిందీలో మందలించినాడు. వంగదేశపు భోజనమునకు ఒక వరుస కలదు. మొదట చేదు, పిదప పప్పు, వేపుడు, తరువాత కూరలు, చేపలు తినువారికి చేపలు, ఆ మీదట తీయని పచ్చడి, చివరకు మిఠాయి. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అను మన వరుసను ఎవరైన తలక్రిందులు చేసి పెరుగుతో మొదలుపెట్టినచో మనకెట్లుండును? ఆయన కోపము నాకు వెంటనే అర్థమైనది. "మీరు చెప్పండి, అట్లే తింటాను" అంటిని. ఆ మాటతో ఆయన ముఖము మారిపోయెను. మరునాటినుండి ఏది ముందు తినవలెనో, ఆనాడు ఏది బాగున్నదో, ఏది బాగులేదో గొంతు తగ్గించి చెప్పెడివాడు.

ఎనిమిదవ దినమున నేను పోలేదు. శిక్షణాలయములోనే విందు జరిగినది. తొమ్మిదవ దినము పోగానే ఆయన అడిగిన మొదటి మాట: "నిన్న రాలేదేం? ఒంట్లో బాగా లేదా?"

సోదరులారా, ఆ నగరములో నన్నెరిగినవాడు ఒక్కడు లేడు. నేను వచ్చినను రాకున్నను ఎవరికిని పట్టదు. అట్టి చోట నేను రాని దినమును ఒకడు లెక్కపెట్టియుంచినాడు. స్నేహమునకు ఇంతకంటె నిర్వచన మేమి కావలెను? నేర్చిన పాఠమిది: పది చోట్ల ఒక్కొక్కసారి తినుటకంటె, ఒక్కచోట పదిసార్లు తినుట మేలు. తెలియదని ఒప్పుకొన్నవానికి ఎవరైనను నేర్పుదురు.

ఒంటరిగా కూర్చుండ దలచినవారికి కాఫీ హౌసులు కూడ మంచి ఆశ్రయము. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయబూనగా, పని పోయిన కార్మికులు ఏ.కె. గోపాలన్ గారి ప్రోత్సాహముతో 1957లో మొదట బెంగుళూరులో సహకార సంఘముగా నేర్పడి, అదే సంవత్సరము డిసెంబరులో ఢిల్లీలో తమ స్వంత కాఫీ హౌసును తెరచిరి. ఒక్క కప్పు కాఫీతో గంటసేపు కూర్చున్నను అచ్చట లెమ్మను ఆచారము లేదు. ప్రక్క బల్లవారు పత్రిక అడిగి పుచ్చుకొందురు. తిరిగి యిచ్చునప్పుడు సంభాషణ ఆరంభమగును.

రెండవ పాఠము అమృతసరములో. 2014 శీతకాలమున ఒక సాయంకాలము పని ముగించుకొని స్వర్ణదేవాలయమునకు పోతిని. అచ్చటి లంగరును గూర్చి మీరందరు వినియున్నారు. రాత్రింబవళ్లు వేలకొలది జనులకు నేలమీద పంక్తులు తీర్చి అన్నము పెట్టుదురు. కులము, మతము, అంతస్తు అడుగరు. గురునానకు మొదలుపెట్టిన ఈ ఆచారమును మూడవ గురువైన అమరదాసు స్థిరపరచెను. అక్బరు పాదుషా సైతము దర్శనమునకు ముందు ఆ పంక్తిలో కూర్చుండెనని వారి సంప్రదాయము చెప్పును. రొట్టెను మాత్రము రెండు చేతులు చాచి అందుకొనవలెను. నా జీవితములో అన్నము కొరకు రెండు చేతులు చాచుట అదియే మొదటిసారి. చేతులు చాచుటకు నాకు కొంచెము సమయము పట్టినది. నాకు కలహండి జ్ఞప్తికి వచ్చెను.

భోజనమైన పిదప ఊరక లేచి పోబుద్ధి కాలేదు. వెలుపల స్త్రీపురుషులు వరుసగా కూర్చుండి వెల్లుల్లి ఒలుచుచుండిరి. నేనును కూర్చుంటిని. ప్రక్కన నున్న పెద్దమనిషి పేరడిగినాడు, ఊరడిగినాడు. ఉద్యోగ మేమని అడుగక ముందే, నేను ఢిల్లీ సచివాలయములో ఫలానా అని చెప్పితిని. ఆయన తల యూచి, "మంచిది. ఆ పొట్టు కొంచెం శుభ్రంగా తీయండి" అన్నాడు! తరువాత గంటన్నరసేపు ఆయన తన కుమార్తె చదువును గూర్చియు, నేను నా తండ్రి అనారోగ్యమును గూర్చియు మాటాడుకొంటిమి. ఇంటిలో చెప్పుకొనని మాటలు కొన్ని ఆ వెల్లుల్లి బుట్ట ముందు చెప్పుకొంటిని. ఒకరి కన్నులలోనికి ఒకరు చూచుకొనుచు మాటాడుట కష్టము. చేతులు పనిలో నున్నప్పుడు మాట సులువుగా వచ్చును. కచేరీలో హోదా మన ముందు నడచును. పంక్తిలో దానికి చోటు లేదు. ఇది రెండవ పాఠము.

ఈ ధర్మము మనకు క్రొత్తది కాదు. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు, 1841లో జన్మించి 1909లో కీర్తిశేషురాలైన ఆ తల్లి, వేళ గాని వేళ వచ్చిన బాటసారికి సైతము వండి పెట్టినది. తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానము మన కన్నుల ముందే పెరిగినది. పెట్టుటలో తెలుగువారు ఎవరికిని తీసిపోరు. మన లోపము పెట్టుటలో లేదు, పుచ్చుకొనుటలో నున్నది. ఒకరు పెట్టినది ప్రీతితో పుచ్చుకొనుట కూడ ఒక సంస్కారమే యని మనకు ఎవరును నేర్పలేదు.

మూడవ పాఠము మణిపురములో. 2017లో ఇంఫాలునకు పోయితిని. ఆ నగరము నడిబొడ్డున నున్న ఇమా కైథేల్ అను బజారులో వేలకొలది దుకాణములు కలవు, అమ్మువారందరు స్త్రీలే. ఇమా యనగా తల్లి. అది తల్లుల బజారు. 2016 జనవరిలో వచ్చిన భూకంపమువలన అచ్చటి క్రొత్త కట్టడములు దెబ్బతినినవి. అయినను తల్లులు బజారు విడిచి పోలేదు. ఆ రాష్ట్రమునుండి బియ్యము ఎగుమతి యగుచు స్వదేశములో కరవు ఏర్పడినప్పుడు, 1939లో నుపీ లాన్ అను పేర గొప్ప ఆందోళన నడిపినది కూడ ఆ స్త్రీలే. అన్నము కొరకు పోరాడిన బజారది.

నేను మధ్యాహ్నవేళ పోయి, మన ఊళ్లలో కూరలమ్మును పిలిచినట్లే "ఇమా" అని ఒక వృద్ధురాలిని పిలిచితిని. నాకు వచ్చిన మణిపురీ భాష అదియొక్కటే. ఆమె నవ్వి, ప్రక్కనున్నవారికి ఏదో చెప్పినది, వారందరు నవ్విరి. చేప వలదని సైగలతో చెప్పుటకు కొంత నాటకము ఆడవలసివచ్చెను. అచ్చటి వంటలలో ఎండబెట్టి పులియబెట్టిన చేప సర్వసాధారణము. ఆమెకు సంగతి తెలిసిన తరువాత, సన్నగా తరిగిన కోసుకూర, తామరతూడు, వేయించిన సెనగపిండి, మిరప కలిపి సింజు అను పచ్చికూర చేయించి యిచ్చినది. ఆ కారమునకు గుంటూరువారు కూడ నమస్కరింపవలసినదే! నా కన్నీళ్లు చూచి ఆమె తన కొంగుతో విసరినది. మూల్యము ఇచ్చినచో చిల్లర లెక్కపెట్టి తిరిగి యిచ్చినది. ఒక్క రూపాయి ఎక్కువ తీసికొనలేదు.

2023 మే మాసమునుండి ఆ రాష్ట్రములో జరిగిన ఘోరములు మన దస్త్రములలో అంకెలుగా వచ్చినవి. నాకు మాత్రము ప్రతి అంకె వెనుక ఆ కొంగు కనబడినది. ఒక ఊరి అన్నము తినినవానికి ఆ ఊరి దుఃఖము వార్తగా మిగిలిపోదు. సచివాలయములో కూర్చుండి దూర ప్రాంతములను గూర్చి వ్రాయు మనవంటివారికి ఈ పాఠము మిక్కిలి అవసరమైనది.

ఇంతవరకు చెప్పినదంతయు పురుషుని అనుభవము. మా శాఖలో పనిచేయు ఒక సోదరితో ఈ సంగతులు ముచ్చటించినప్పుడు ఆమె యిట్లనినది: "మీకు ముక్కూ మొహం తెలియనివాళ్లతో కబుర్లు స్నేహానికి మొదలు. మాకు అక్కడే జాగ్రత్త మొదలవుతుంది." ఆ మాట నిజము. ఒంటరిగా టూరు పోవు స్త్రీలకు ఆమె చెప్పిన పద్ధతులు చెప్పుచున్నాను. క్రొత్త చోటును ముందు పగటి వెలుగులో చూడవలెను. స్త్రీలు వండి వడ్డించుచోటు, కుటుంబములు వచ్చుచోటు మేలు. విశ్వవిద్యాలయముల భోజనశాలలు, గురుద్వారములు మంచివి. కేరళలో 1998లో ఆరంభమైన కుటుంబశ్రీ స్త్రీసంఘములవారు నడుపు భోజనశాలలు ఆమెకు పుట్టినింటివలె తోచినవట. బస చిరునామాను అపరిచితులకు చెప్పవలదు. ఎచ్చటికి పోవుచున్నారో ఇంటివారికి మాత్రము చెప్పవలెను. పురుషులమైన మనము ఈ జాగ్రత్తలను విని ఊరకుండరాదు. మన ప్రక్క బల్లయొద్ద ఒక స్త్రీ ఒంటరిగా భుజించుచున్నప్పుడు, ఆమెను నెమ్మదిగా తిననిచ్చుటయే మనము చేయగల స్నేహము.

ఇక పడుచువారికి కొన్ని ఆచరణ యోగ్యమైన మాటలు. "ఇక్కడ మంచి హోటలు ఏది?" అని ఎవరిని అడుగకుడు. అట్లడిగినచో ఖరీదైనది చూపుదురు. "ఈవేళ మీరెక్కడ తిన్నారు?" అని అడుగుడు, నిజమైన సమాధానము వచ్చును. జిల్లా కోర్టు ప్రక్కన, కలెక్టరు కచేరీ వెనుక, గుమాస్తాలు తినుచోటు వెదకుడు. ప్రతి దినము అదే జనమునకు పెట్టవలసినవాడు చెడ్డ అన్నము పెట్టి బ్రతుకలేడు. ఊరివారు తిను వేళకే తినుడు. అప్పుడు వంట వేడిగా నుండును, సరకు తాజాగా నుండును. నీటి విషయములో సందేహమున్నచో కాచిన నీరు అడుగుటలో తప్పు లేదు. పెట్టినవారి ముఖముమీద అసహ్యము చూపుటలో తప్పున్నది. ఆరోగ్యము సరిపడనిచో ఒక్క ముద్దయైన నోట పెట్టి, చేతులు జోడించి నిజము చెప్పుడు. అబద్ధమునకు భాష అక్కరలేదు, సైగలోనే తెలిసిపోవును. ఆ ఊరి భాషలో అమ్మ, అన్న, చాలు, బాగున్నది, పోయివచ్చెదను అను అయిదు మాటలు నేర్చుకొనుడు. బండివానితో అయిదు రూపాయలకు బేరమాడకుడు. తినుచున్నవారిని అడుగక ఫొటో తీయకుడు. మన పరిశీలన క్రిందనున్న కంట్రాక్టరు పెట్టు విందు మాత్రము ఎంత కమ్మగా నున్నను స్థానిక వంటకము కాదని గుర్తుంచుకొనుడు!

మరియొక మాట. ప్రతి భోజనము స్నేహము కాదు. కొన్ని ఊళ్లలో నేను తిని, డబ్బిచ్చి, ఎవరితోను మాటాడక తిరిగివచ్చితిని. అదియు తప్పు కాదు. వారు మన కొరకు వింత చూపవలసినవారు కారు. తమ పని తాము చేసికొనుచున్నవారు. తలుపు తెరచి యుంచుటవరకే మన వంతు.

తుదకు ఢిల్లీ మాట. ఆదివారము నాడు అశోకా రోడ్డులోని మన ఆంధ్రభవన్ భోజనశాల ముందు ఎన్ని భాషలవారు వరుస కట్టుదురో మీకు తెలియును. వారు మన పప్పు, మన గోంగూర, మన కారము వెదకికొని వచ్చుచున్నారు. మనము వారి యిండ్లకు ఎన్నిసార్లు పోయినాము? ప్రభుత్వ క్వార్టర్లలో గోడకు అవతలనే అస్సామువారు, మలయాళీలు, గఢవాలువారు కాపురముండగా, పది సంవత్సరములు కలిసి యుండియు వారి వంటింటి వాసన తప్ప రుచి ఎరుగనివారము మనలో ఎందరో కదా! దూరము పోయి వెదకు మనిషి గోడ కవతలనే యున్నాడు.

నిరుడు వేసవిలో మా సెక్షనులో ఒడిశానుండి వచ్చిన ఒక కుర్రవాడు క్రొత్తగా చేరినాడు. మధ్యాహ్నము అందరు కలిసి తినునప్పుడు అతడు బీరువాల వెనుకకు పోయి ఒంటరిగా తినుచుండెను. ఒకనాడు నేను అటు పోవుసరికి డబ్బా మూత గబుక్కున మూసినాడు. వాసన నాకు తెలియనిదా! పఖాళ. "తప్పనుకోకండి సార్, ఎండలకి..." అని నసిగినాడు. నేను కుర్చీ లాగికొని కూర్చుండి, "నాకు ఒక్క పిడికెడు పెట్టవోయ్. పదహారేళ్లనుంచి బాకీ ఉంది" అంటిని. అతనికి నా మాట అర్థము కాలేదు. అయినను డబ్బా మూతలో తీసి పెట్టినాడు. ఉల్లిపాయ ముక్క, మిరపకాయ కూడ పెట్టినాడు. చల్లగా, పుల్లగా, మా మామ్మ చేతి అన్నమువలెనే యున్నది. ఆ తల్లి ఋణము తీరినదని నేను చెప్పను; వడ్డీలో ఒక పైస చెల్లినది. మరునాడు అతడు బీరువాల వెనుకకు పోలేదు. అందరితో కలిసి కూర్చున్నాడు.

కావున ఈ సభా ముఖమున నా విన్నపము ఒక్కటే. వచ్చు ఉగాదికి మన సంఘమువారు పచ్చడి పంచునప్పుడు, ప్రతి కుటుంబము తెలుగువారు కాని ఒక యింటివారినో, ఊరు విడిచి ఒంటరిగా వచ్చిన ఒక చిన్న ఉద్యోగినో వెంట తీసికొని రావలెను. వారు మనలను తమ పండుగకు పిలిచినప్పుడు పని యున్నదనియో, కడుపు బాగులేదనియో చెప్పక, పోయి, రెండు చేతులు చాచి పుచ్చుకొనవలెను.

పొట్లములు వచ్చుచున్న సవ్వడి వినబడుచున్నది. చిరంజీవుల ఓర్పునకు మెచ్చి, సెలవు తీసికొనుచున్నాను.